మలివెలుగులోని మెట్లు

సూర్యుడు పడమటి కొండల చాటున క్రుంకిన పిదపకూడ కొంతతడవు ఆకాశమున వెలుగు నిలిచియుండును. అది క్రమక్రమముగా తఱిగిపోవుటయు, చీకటి చిక్కనగుటయు మనము నిత్యము చూచుచుండు విషయమే. అట్లు తఱుగుచున్న వెలుగు నడుమ ఒక్కసారిగా హెచ్చినచో మనమేమనుకొందుము? పొరుగూరిలో గడ్డివామి అంటుకొన్నదేమో యనుకొందుము. మబ్బుచాటునుండి చంద్రుడు వెలికివచ్చెనేమో యనుకొందుము. దూరమున మెఱుపు మెఱసెనేమో యనియు తలంతుము. కంటికి కనబడినది వెలుగొక్కటే. దానికి చెప్పదగిన కారణములు మాత్రము పెక్కులు. ఆ వెలుగు ఎంతసేపు నిలిచినది, దాని రంగెట్టిది, హెచ్చిన పిదప అది పూర్వపు స్థితికి వచ్చినదా లేదా యని పరిశీలించినగాని అసలు కారణము తేలదు.

2003 వ సంవత్సరమున ఖగోళ శాస్త్రజ్ఞులకు ఇట్టి విచారణయే తటస్థించినది. కాని వారు చూచిన మలివెలుగు మన సూర్యునిది కాదు. సుమారు 200 కోట్ల సంవత్సరములకు పూర్వము, మిక్కిలి దూరమున, ఒక మహానక్షత్రము కూలిపోవునప్పుడు జరిగిన విస్ఫోటనమునకు చెందినది. ఆ కథ తెలియవలెనన్న ముందుగా గామా విస్ఫోటనములను గుఱించి కొంత తెలిసికొనవలెను.

ఆకాశమున గామా కిరణముల మెఱుపు లున్నవని మానవునకు తెలిసిన విధము విచిత్రమైనది. 1963 లో అణ్వస్త్ర పరీక్షలను పరిమితము చేయు ఒడంబడిక యొకటి జరిగినది. దానిని మీఱి ఎవరైన రహస్యముగా పరీక్షలు జరుపుదురేమో యని కనిపెట్టుటకు అమెరికా దేశము వేలా యను పేర కొన్ని ఉపగ్రహములను పైకి పంపినది. అణుబాంబు ప్రేలినప్పుడు గామా కిరణములు వెలువడును. అవియు కాంతి జాతికి చెందినవే గాని కంటికి కనబడవు. ఎక్స్ కిరణములకంటె హెచ్చు శక్తి గలవి. 1967 జూలై 2 వ తేదీన ఆ ఉపగ్రహములు గామా కిరణముల మెఱుపు నొకదానిని గుర్తించినవి. అది బాంబువలన కలిగినది కాదు. ఇట్టివి మఱికొన్ని చేరిన పిదప 1973 లో క్లీబెసాడెల్ మున్నగు శాస్త్రజ్ఞులు ఈ సంగతిని లోకమునకు వెల్లడించిరి. దొంగలకొఱకు పెట్టిన కాపలావాడు ఆకాశమున క్రొత్త వింతను కనుగొన్నట్లయినది.

ఈ మెఱుపులు కొన్ని క్షణములు మాత్రమే యుండి మాయమగును. అవి ఎచ్చటనుండి వచ్చుచున్నవో సరిగా గుర్తించుటకు వీలులేక శాస్త్రజ్ఞులు ఇరువది యేండ్లకు పైగా తికమకపడిరి. 1997 ఫిబ్రవరి 28 వ తేదీన ఇటలీ, నెదర్లాండ్సు దేశముల ఉపగ్రహమైన బెప్పోసాక్స్ ఒక మెఱుపును పట్టినది. కొన్ని గంటలు గడచిన పిదప దానినే అచ్చటికి త్రిప్పి చూడగా, మెఱుపు పోయినను ఎక్స్ కిరణములు సన్నగా వెలువడుచునే యుండెను. ఆ స్థానమునే నేలమీది దూరదర్శినులతో చూచినవారికి మామూలు కాంతిలోను ఒక చుక్క కనబడినది. దినదినమునకు అది మసకబాఱినది. మెఱుపు వెనుక మిగులు ఈ కాంతిని మనము మలివెలుగని పిలుచుకొందము. గామా కిరణముల మెఱుపు పిడుగుపాటువంటిదైనచో, మలివెలుగు పిడుగు పడిన చెట్టు చిరకాలము రగులుచుండుటవంటిది.

ఇది ఎట్లు పుట్టుచున్నది? శాస్త్రజ్ఞుల ఊహ యిది. విస్ఫోటనమున కొంత ద్రవ్యము సన్నని ధారగా బయటికి చిమ్మబడును. దాని వేగము ఇంతంత యనరాదు. కాంతి వేగములో నూటికి 99.99 పాళ్ళకంటె హెచ్చు. నక్షత్రముల నడుమ నున్నది కేవలము శూన్యము కాదు, అచ్చట పలుచని వాయువు కలదు. ఆ ధార ముందుకు దూసికొనిపోవునప్పుడు, నాగలి మట్టిని త్రోసినట్లు, ఎదురుగా నున్న వాయువును త్రోసికొనుచు పోవును. వాయువు నలిగి, వేడెక్కి, ఆఘాత తరంగ మేర్పడును. అందలి ఎలక్ట్రానులు అయస్కాంత క్షేత్రములో చుట్టలు చుట్టుచు తిరుగుచు కాంతిని వెలువరించును. ఆ కాంతియే మలివెలుగు. త్రోయవలసిన వాయువు పెరిగినకొలది ధార వేగము తగ్గును. వేగము తగ్గినకొలది వెలుగు తగ్గును.

ఈ తగ్గుటలో ఒక లెక్క కలదు. మన ఇంటి దీపము నూనె తీఱినప్పుడు ఆఱినట్లు ఇది ఆఱదు. సాధారణముగా కాలము రెట్టింపైన ప్రతిసారియు వెలుగు ఒకే పాలున తగ్గుచుండును. మొదటి గంటనుండి రెండవ గంటకు వెలుగు సగమైనదనుకొనుడు. రెండవ గంటనుండి నాలుగవ గంటకు మఱల సగమగును. నాలుగునుండి యెనిమిదికి మఱల సగము. గళ్ళ కాగితముపై కాలమును, వెలుగును రెట్ల లెక్కన గుర్తించినచో ఇది సరళ రేఖగా వ్రాలిపోవును. దీనిని కాంతి రేఖ యందురు.

ఆ రేఖ కొంతకాలమునకు వంగి మఱింత వేగముగా దిగజాఱుట పెక్కు మలివెలుగులయందు కానవచ్చినది. దానికి కారణము ధార సన్నగా నుండుటయే. మిగుల వేగముగా వచ్చు వస్తువునుండి వెలువడు కాంతి ముందువైపునకు ఇఱుకుగా కేంద్రీకరించియుండును. అందువలన మొదట ధార ముఖములో మనకెదురుగా నున్న చిన్న భాగము మాత్రమే కనబడును. ఒక సన్నని వెదురు గొట్టముగుండా మీ బడిగోడను చూచినచో గోడ ఎంత పొడవున్నదో తెలియదు గదా! గొట్టము వెడల్పయినకొలది హెచ్చు గోడ కనబడును. తుదకు గోడ అంచులు కనబడును. ఆపై గొట్టమెంత వెడల్పయినను క్రొత్తగా కనబడు గోడ యుండదు. ధార వేగము తగ్గుట గొట్టము వెడల్పగుటవంటిది. అంచులు కనబడిన నాటినుండి కాంతి మునుపటికంటె త్వరగా తఱుగును. రేఖ వంగిన కాలమునుబట్టి ధార యెంత సన్ననిదో శాస్త్రజ్ఞులు గుణించుచున్నారు.

ఇక మన కథకు వత్తము. 2003 మార్చి 29 వ తేదీన, మన దేశ కాలమానము ప్రకారము సాయంత్రము 5 గంటల 7 నిమిషములకు, హీటీ-2 అను ఉపగ్రహము సింహరాశి దిశనుండి వచ్చిన ఒక గొప్ప గామా మెఱుపును గుర్తించినది. అది సుమారు అర నిమిషము నిలిచినది. దానికి తేదీనిబట్టి జి.ఆర్.బి. 030329 అని పేరిడిరి. ఒకటిన్నర గంటలు గడచునప్పటికి ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగునందు ఇద్దఱును, జపానులో మఱియొకరును దాని మలివెలుగును కనుగొనిరి. అది యెంతయో కాంతివంతమైనది. చిన్న దూరదర్శినులకు సహితము అందినది. సాధారణముగా ఇట్టి వస్తువులు పెద్ద పరికరములకు గాని చిక్కవు. కావున వార్త తెలిసిన వెంటనే లోకమందలి పెక్కు వేధశాలలు దానివైపు తిరిగినవి. ఒక దేశమున తెల్లవాఱగా మఱియొక దేశమున రాత్రియగును గనుక, చేయి మాఱి చేయి పట్టినట్లు ఆ చుక్కను ఎడతెగక కాచి చూచిరి. రెండువేలకు మించిన కొలతలు ప్రోగుపడినవి. అంతకుముందెన్నడును ఒక మలివెలుగును ఇంత దగ్గఱగా వెంబడించి యుండలేదు.

మొదట అంతయు అనుకొన్నట్లే జరిగినది. కాలము రెట్టింపైన ప్రతిసారి వెలుగు సగముకంటె కొంచెము మిగులునట్లు తగ్గినది. సుమారు 12 గంటలు కాగానే రేఖ వంగినది. అటుపిమ్మట కాలము రెట్టింపైనప్పుడెల్ల వెలుగు నాలుగవ వంతునకు దిగినది. ధార అంచులు కనబడినవని శాస్త్రజ్ఞులు సంతోషించిరి.

సంతోషముతోపాటు ఒక చిక్కును వచ్చినది. ధార సన్నదనమును లెక్కించి, మెఱుపులో వెలువడిన గామా కిరణముల శక్తిని కూడి చూడగా, అది తక్కిన విస్ఫోటనములలో సాధారణముగా కనబడు మొత్తములో సుమారు ఇరువదవ వంతు మాత్రమే యయ్యెను. ఆ దినములలో ఈ విస్ఫోటనములన్నియు దాదాపు ఒకే మొత్తము శక్తిని వెలువరించునని శాస్త్రజ్ఞులు తలచుచుండిరి. ఆ నియమము అంత గట్టిది కాదని తరువాత తేలినది గాని, అప్పటికి అది పెద్ద ప్రశ్న. గ్రామపు లెక్కలలో శిస్తు ఇరువదవ వంతే జమ కనబడినచో కరణము ఊరకుండునా? మిగిలినదేమైనదని వెదకును. ఇచ్చటను అట్లే, తక్కిన శక్తి యేమైనదను ప్రశ్న పుట్టినది.

ఒకటిన్నర దినము ప్రాంతమున, తఱుగవలసిన వెలుగు తఱుగుట మాని, పైకి లేచినది. కొన్ని గంటలు హెచ్చి, మఱల మునుపటి వాలుననే దిగజాఱసాగినది. రెండున్నర దినముల ప్రాంతమున మఱల లేచినది. మూడు దినములు దాటిన పిదప ఒకసారి, ఐదవ దినము ప్రాంతమున ఇంకొకసారి లేచినది. ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. ప్రతి లేపు ముగిసిన పిదప రేఖ పాత రేఖమీదికి దిగిరాలేదు. దానికి సమాంతరముగా, పై యంతస్తున నిలిచి, అచ్చటినుండి వాలినది. కాగితముపై చూచినచో కోనేటి మెట్లు దిగుచున్నట్లు కాదు, ఒక్కొక్కసారి ఎవరో మనలను ఎత్తి ప్రక్క మెట్ల వరుసమీద నుంచినట్లున్నది. నా మట్టుకు ఈ కథలో కీలకమంతయు ఈ చిన్న విశేషముననే యున్నదని తోచును.

ఇట్టి లేపులు అంతకుమునుపు కొన్ని మలివెలుగులలో కనబడినవే. వానికి కారణములను వెదకుటకు శాస్త్రజ్ఞులు నమూనాలు నిర్మింతురు. నమూనా యనగా మట్టిబొమ్మ కాదు. ‘ఇట్లు జరిగియుండును’ అను ఒక ఊహను తీసికొని, భౌతికశాస్త్ర నియమములను దానికి తగిలించి, అది నిజమైనచో వెలుగు ఏ గంటకెంత యుండవలెనో గణితముచే తేల్చుట. ఆ పిదప కొలతలతో సరిపోల్చుట. సరిపోలినంతమాత్రమున ఊహ నిజమని చెప్పరాదు. ఏలయన మఱియొక ఊహయు అంతే చక్కగా సరిపోలవచ్చును. 2002 అక్టోబరు 4 వ తేదీన కనబడిన మఱియొక విస్ఫోటనపు మలివెలుగు విషయమున ఈ చిక్కే వచ్చినది. అందును వెలుగు పలుమాఱులు హెచ్చితగ్గినది. దారిలోని వాయువు ఒకచోట చిక్కగా ఒకచోట పలుచగా నుండుటచేత నని కొందఱనిరి. ధారయే అతుకులబొంతవలె కొన్నిచోట్ల హెచ్చు శక్తి, కొన్నిచోట్ల తక్కువ శక్తి గలిగి యుండుటచేత నని కొందఱనిరి. వెనుకనుండి క్రొత్త శక్తి వచ్చి చేరుటచేత నని మఱికొందఱనిరి. కాంతి రేఖ యొకటే, కథలు మూడు!

ఇంకొక వింత కారణమును సూచింపబడినది. 2000 మార్చి 1 వ తేదీనాటి విస్ఫోటనపు మలివెలుగు నాలుగు దినముల ప్రాంతమున కొంత హెచ్చి తగ్గినది. మనకును దానికిని నడుమ ఒక నక్షత్రము సరిగా అడ్డముగా వచ్చి, తన గురుత్వాకర్షణచే కాంతిని వంచి, భూతద్దమువలె వెలుగును పెంచెనని గార్నవిచ్, లోబ్, స్టానెక్ అను శాస్త్రజ్ఞులు సూచించిరి. ఇది సొంపైన ఊహ. భూతద్దము అన్ని రంగుల కాంతిని సమముగా పెంచవలెను. ఆ లేపులోను రంగు మాఱలేదు. కాని అంత దూరమున ఒక నక్షత్రము మన చూపునకు సరిగా సూటిగా వచ్చుట యరుదు. ఒక్కసారి జరిగెనన్న నమ్మవచ్చును. 2003 నాటి మలివెలుగు వారము తిరుగకుండ నాలుగుసారులు లేచినది. నాలుగు భూతద్దములు వరుసగా వచ్చినవనుట పొసగదు. కావున ఆ కారణమును ఇచ్చట విడువవలసినదే.

ఇక వాయువు చిక్కదనమును గుఱించి విచారింతము. ధార చిక్కని మబ్బువంటి భాగములోనికి చొచ్చినప్పుడు వెలుగు కొంత పెరుగవచ్చును. కాని ఆ భాగమును దాటిన పిదప వెలుగు పాత రేఖకు దిగిరావలెను. బండి బురదలో పడి లేచినంతమాత్రమున దాని ఎద్దులకు క్రొత్త బలము రాదు గదా. మన రేఖ పాతచోటికి దిగిరానేలేదు. అదియును గాక, చిక్కదనము ఒక్కమాఱుగా పదిరెట్లు పెరిగినను కాంతి రేఖలో పదునైన లేపు పుట్టదనియు, నునుపైన చిన్న మార్పు మాత్రమే వచ్చుననియు నాకార్, గ్రానోట్ అను వారు 2007 లో లెక్కవేసి చూపిరి. అంతవఱకు ఎన్నో మలివెలుగుల లేపులకు వాయువునే కారణముగా చెప్పుచు వచ్చినవారు అనేకులు. ఎగుడుదిగుడు దారిని పోయినను ప్రయాణము నునుపుగానే యుండునని తేలుట వారికి ఆశ్చర్యమును కలిగించియుండును.

అతుకులబొంత కథయు ఇచ్చట చెల్లదు. ధార ముఖము అతుకులుగా నున్నచో, గొట్టము వెడల్పయినకొలది ఒకమాఱు ప్రకాశవంతమైన అతుకు, ఒకమాఱు మందమైన అతుకు కనబడును. వెలుగు సగటు రేఖకు పైకిని క్రిందికిని ఊగవలెను. ఇచ్చట ప్రతిసారియు పైకే లేచినది. లేచిన చోటనే నిలిచినది. పైగా 12 గంటలకే ధార అంచులు కనబడినవి గనుక, ఆపై క్రొత్త అతుకులు కనబడుట కవకాశము లేదు.

మిగిలినది వెనుకనుండి శక్తి చేరుట. 2003 లోనే గ్రానోట్, నాకార్, పిరాన్ అను మువ్వురు ఈ నమూనాను వివరించిరి. జాతరకు పోవు బండ్లను తలచుకొనుడు. గట్టి ఎద్దులు కట్టిన బండి అందఱికంటె ముందు పోవును. తక్కినవి నెమ్మదిగా వెనుక వచ్చును. ముందు బండి ఏటి ఇసుకలో దిగి చక్రములు కూరుకొనిపోవుచుండగా దాని నడక మందగించును. కాని అది త్రొక్కిన గాడిలో వచ్చు వెనుకటి బండ్లకు ఆ అడ్డంకి లేదు. అవి తమ మామూలు నడకతోనే వచ్చి ముందు బండిని కలిసికొని నెట్టును. విస్ఫోటనమునను అట్లే. చిమ్మబడిన ద్రవ్యమంతయు ఒకే వేగము గలది కాదు. ముందు పొర వాయువును ఊడ్చికొనుచు నెమ్మదించును. వెనుకటి పొరలకు ఊడ్వబడిన దారి దొరకును. ఒక్కొక్క పొర వచ్చి ముందు పొరను కలిసినప్పుడు దానికి క్రొత్త శక్తి చేరును; వెలుగు లేచును. చేరిన శక్తి తిరిగి పోదు గనుక రేఖ పై యంతస్తుననే నిలుచును. కోరిన మెట్టు దొరికినది.

ఇంతటితో తృప్తిపడక, లేపులు ఎంతసేపు సాగినవో యను పరీక్షకును ఆ నమూనాను నిలుపవలెను. మీ ఆటస్థలమున విద్యార్థులను నిడుపైన వరుసలో నిలిపి, మీరు నడిమివానికి ఎదురుగా నిలిచితిరనుకొనుడు. అందఱును ఒకే క్షణమున చప్పట్లు చఱచినను నడిమివాని చప్పుడు మీ చెవికి ముందు చేరును, కొనలనున్నవారిది తరువాత చేరును. ఆటస్థలము చిన్నది గనుక ఆ తేడా తెలియదు. వరుస మైలు పొడవున్నచో ఒక్క చప్పట్టు కొన్ని క్షణములు సాగిన ధ్వనియై వినబడును. ధార ముఖమును ఇట్టి వరుసవంటిదే. అందంతటను ఒకేసారి వెలుగు హెచ్చినను అంచుల కాంతి మనకు ఆలస్యముగా వచ్చును. ధార మిగుల వెడల్పైనదైనచో కనబడు భాగము నానాటికి పెరుగుచుండును. మూడవ దినమున జరిగిన మార్పు కనబడుటకు దాదాపు మూడు దినములు పట్టును. ఆ లెక్కను రేఖలో నిటారు మెట్లు ఉండరాదు. కాని మన ధార అంచులు 12 గంటలకే కనబడినవి. అటుపై వరుస పొడవు పెరుగదు. కాబట్టి ఎన్నవ దినమున లేచినను, లేపుకు సుమారు అరదినము చాలును. కొలతలలో కనబడిన లేపులును ఒక్కొక్కటి ఒక దినముకంటె తక్కువ కాలముననే ముగిసినవి. రేఖ వంగిన కాలమునకును లేపుల వ్యవధికిని ఇట్లు పొంతన కుదురుట యాదృచ్ఛికమని త్రోసివేయుటకు వీలుగాదు.

కరణము లెక్కయు ఇచ్చట తీఱినది. మెట్లన్నిటివలన చేరిన శక్తిని కూడగా, మొదటనున్నదానికి ఇంచుమించు పదిరెట్లయినది. పోయిన శిస్తు పోలేదు. వెనుకటి బండ్లలో ఆలస్యముగా వచ్చినది. మొదటి గామా మెఱుపునుబట్టి మాత్రమే శక్తిని కొలుచుట పొరపాటని తేటపడినది.

ఈ నమూనాకు ప్రతివాదులు లేకపోలేదు. రేడియో తరంగములలో ఈ మలివెలుగును కొలిచిన బెర్గర్ మున్నగువారు అదే సంవత్సరము వేఱొక కథను చెప్పిరి. ధార యొకటి కాదు, రెండు. సుమారు 5 డిగ్రీల సన్నని ధార చుట్టును 17 డిగ్రీల వెడల్పు గల మఱియొక ధార, తమలపాకు నడిమి ఈనె చుట్టును ఆకు పఱచుకొనినట్లు, కలదనిరి. మొదట సన్నని ధార వెలిగినది; ఒకటిన్నర దినము ప్రాంతమున వెడల్పు ధార వంతు వచ్చినది. శక్తిలో హెచ్చు భాగము వెడల్పు ధారలో నున్నదనియు, అందుచేతనే గామా కిరణములలో అది కనబడలేదనియు వారి వాదము. ఈ కథలోను కరణము లెక్క తీఱుచున్నది! రేడియో కొలతలకు ఇది చక్కగా సరిపోవును. కాని దీనివలన మొదటి లేపు తెలియునుగాని, తరువాతి మూడు లేపులకు మఱల వేఱు కారణము వెదకవలెను. రెండు నమూనాలలో చెఱి కొంత నిజముండుటయు అసంభవము కాదు.

రెండు ధారల నమూనాను పరీక్షించుటలో మన దేశమునకును పాలు కలదు. పూనా నగరమునకు ఉత్తరముగా ఖోదాద్ అను పల్లె యొద్ద 45 మీటర్ల వెడల్పు గల ముప్పది పెద్ద పళ్ళెములతో కూడిన రేడియో దూరదర్శిని కలదు. మామూలు కాంతి ఆఱిపోయిన తరువాతకూడ రేడియో తరంగములలో మలివెలుగు బహుకాలము నిలుచును. మన శాస్త్రజ్ఞులు ఖోదాదు కొలతలను ఇతర దూరదర్శినుల కొలతలతో జోడించి, 2005 లో రెండు ధారల నమూనాను పరిశీలించి ప్రకటించిరి.

ఈ నడుమ మఱియొక వెలుగు వచ్చి కలిసినది. వారము దినములు గడచునప్పటికి మలివెలుగు వర్ణపటము మాఱసాగినది. అంతవఱకు అది నునుపుగా నుండెను. ఇప్పుడందు వెడల్పైన ఉబ్బులును పల్లములును కానవచ్చినవి. అవి కూలిపోయిన నక్షత్రము స్వయముగా ప్రేలి చిమ్మిన వేడి ద్రవ్యమునకు గుఱుతులు. ఇట్టి ప్రేలుడును సూపర్‌నోవా యందురు. దీనికి సూ. 2003డి.హెచ్. అని పేరిడిరి. ఇంత దీర్ఘకాలము నిలుచు గామా విస్ఫోటనములు మహానక్షత్రముల మరణమువలన కలుగునవే యని స్పష్టముగా నిరూపించిన గొప్ప సాక్ష్యములలో ఇదియొకటి. రంగు మాఱక లేచినది ధార పని. రంగు మాఱి లేచినది నక్షత్రపు పని. ఈ విషయమున వాదులాట కవకాశమే లేకపోయినది.

2004 నవంబరులో స్విఫ్ట్ అను ఉపగ్రహమును పంపిన పిదప వందలకొలది మలివెలుగులను మొదటి నిమిషములనుండియే చూచుట సాధ్యమైనది. వానిలో పెక్కింటియందు ఎక్స్ కిరణముల వెలుగు తగ్గక కొంతసేపు సమముగా నిలుచుటయు, ఉన్నట్లుండి భగ్గుమని లేచి మఱల పడిపోవుటయు కనబడినవి. ఆలస్యముగా శక్తి చేరుట అరుదైన విషయము కాదని ఇందువలన తోచుచున్నది.

2003 నాటి మలివెలుగును గుఱించిన ప్రశ్నలన్నియు తీఱినవని మాత్రము అనుకొనరాదు. టేలర్ మున్నగువారు వేలమైళ్ళ దూరమున నున్న రేడియో దూరదర్శినులను జతపఱచి ఆ మలివెలుగు పరిమాణమునే కొలిచిరి. అది నెలలు గడచినకొలది పెద్దదగుచుండుట వారికి కనబడినది. ఆ పెరుగుదల ధారల నమూనాలకు సరిపోయినది. అయితే విస్ఫోటనము జరిగిన 52 వ దినమున తీసిన చిత్రములో, అసలు చుక్కకు కొంత ఎడముగా, ఇంకొక చిన్న చుక్క స్పష్టముగా కనబడినది. అది అదే విస్ఫోటనమునుండి బయలుదేరి అంతదూరము పోయినదన్నచో, చూపునకు కాంతికంటె పందొమ్మిది రెట్ల వేగమున పోయినట్లు లెక్క తేలును. మనవైపునకు మిక్కిలి వేగముగా వచ్చు వస్తువులు అట్లు కాంతిని మీఱినట్లు కనబడుట కలదు. అది చూపు చేయు మోసము మాత్రమే. కాని ఇంత హెచ్చు వేగమును చెప్పగల నమూనా యేదియు లేదని చిత్రమును తీసినవారే వ్రాసిరి. ఆ చుక్క ఆ యొక్క దినముననే, ఒక్క పౌనఃపున్యముననే కనబడినది.